వీడియో రిఫరీని నేనే

ఒక ఆడపిల్ల కొట్టిన గోలుని నేను గోలు కాదనిపించాను. మొన్నటి దాకా ఈ మాట నా కడుపులో రాయిలా పడి ఉండేది. ఇన్నేళ్ళూ ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకి చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నన్ను ఎరగరు, రేపు రాజాం బజార్లో ఎదురుపడినా వేలెత్తి చూపించలేరు. పిరికితనం అంటారా? అనండి. కానీ ఒక మాట ముందే చెబుతున్నాను. నేను ఏడుస్తూ రాయడం లేదు, కోపంతో రాస్తున్నాను. ఆ కోపంలో సగం నా మీదే. మిగతా సగం ఎవరి మీదో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

నాది ఫొటో స్టూడియో. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, స్కూలు వార్షికోత్సవాలు తీస్తాను. పేరు వద్దు. స్టూడియో ఎదురుగా ఒక టీ కొట్టు ఉంది. సాయంత్రమైతే అక్కడ ఫుట్‌బాల్ పిచ్చివాళ్ళ సభ కూర్చుంటుంది. నవ్వకండి. క్రికెట్టు తప్ప ఇంకో ఆట తెలియని ఊళ్ళో కూడా ఇలాంటివాళ్ళు ఓ అరడజను మంది ఉంటారు. మా సభకి పెద్ద, ధాన్యం వ్యాపారం చేసే మా బావ. వరసకే బావ, అయినా నన్ను తిట్టడంలో సొంత బావకేమీ తీసిపోడు. ఎక్కడో ఇంగ్లండులో ఆడే ఎర్ర చొక్కాల జట్టు ఓడిపోతే ఆ రోజు ఆయన కొట్లో కాటా దగ్గరకి వెళ్ళడానికి రైతులు భయపడతారు.

ఆ సభలో తెగని వాదాలు రెండు. మన దేశం జట్టు ఎందుకు బాగుపడదు, అన్నది ఒకటి. "ఇంతమంది జనం ఉన్నారు, పదకొండు మంది దొరకరేటి?" అని ఒకడు మొదలుపెడతాడు. "దొరక్కేటి, మన వైపు గుంటల్ని, మన పిల్లల్ని ఎవలు సూస్తన్నారు? సెలక్షనోళ్ళకి సీకాకులం దాకా రావడానికి ఒళ్ళు బరువు" అని ఇంకొకడు అందుకుంటాడు. రెండో వాదం వీడియో రిఫరీ గురించి. ఆట ఆపి, టీవీలో వెనక్కి తిప్పి చూసి, గోలా కాదా అని తేల్చడం మంచిదా చెడ్డదా? మా బావకి అది దేవుడితో సమానం. "గీత గీసి మరీ సూపిస్తన్నారు కదేటి, ఆటగాడి బొటనేలు గీత దాటి ముందుకున్నాదని! ఇంకేటి కావాలి నీకు?" అంటాడు. నేను ఒప్పుకోను. ఇన్నేళ్ళలో ఏనాడూ ఒప్పుకోలేదు. మైదానంలో ఉన్న మనిషి కన్నే ఆఖరు మాట అని గొంతు చించుకుంటాను. వాళ్ళు నన్ను పాతకాలం మనిషినని తీసిపారేస్తారు. "కెమెరా మీద బతుకుతన్నోడివి, వీడియో అంటే నీకెందుకురా అంత మంట?" అని బావ ఒకసారి అడిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను టీ గ్లాసు అక్కడే వదిలేసి స్టూడియోలోకి వచ్చేశాను.

ఎందుకు మంట? అదే చెబుతున్నాను.

ముందు మా పని గురించి కొంచెం తెలియాలి మీకు. లేకపోతే నేను చేసింది అర్థం కాదు, పగబట్టి చేశాననుకుంటారు. పెళ్ళిలో మూడు ముళ్ళు పడే క్షణం చాలాసార్లు మా కెమెరాకి దొరకదు. సరిగ్గా అప్పుడే మేనమామ అడ్డొస్తాడు, లేదా అక్షింతలు వేసే తొందరలో నలుగురు అత్తలు లేచి ముందు గోడ కట్టేస్తారు. అప్పుడేం చేస్తాం? "సేతులు అలాగే ఉంచండి బాబూ, ఒక్కపాలి" అని పెళ్ళికొడుకు చేత మళ్ళీ తాళి పట్టిస్తాం. అదీ కుదరకపోతే వేరే కోణంలో తీసిన చేతులు, గాల్లో అక్షింతలు, సన్నాయి ఊదేవాడి బుగ్గలు, అన్నీ కలిపి అతికించేస్తాం. ఇల్లంతా ఆ వీడియో చూసి కళ్ళు తుడుచుకుంటారు. పెళ్ళి జరిగింది నిజమే కదా, ముళ్ళు పడింది నిజమే కదా, మరి ఎవరికి నష్టం? కానీ "మూడు ముళ్ళు మిస్సయినోడు" అన్న పేరు గానీ వచ్చిందా, ఇక వాడు కెమెరా అమ్ముకోవలసిందే. మా వృత్తిలో దాన్ని మించిన తిట్టు లేదు.

ఇంకో అలవాటు ఉంది. పెద్దమనిషి మండపంలోకి అడుగు పెట్టాడంటే కెమెరా ఆయన మీదకి తిరగాలి. వధూవరులు ఏం చేస్తున్నా సరే. ఆయన వచ్చినట్టు వీడియోలో లేకపోతే పెళ్ళివారు ఊరుకోరు. ఇది ఎవరూ నాకు నేర్పలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ భుజానికి అదే అలవాటైపోయింది. బయట కారు తలుపు చప్పుడు వినిపిస్తే చాలు, చెయ్యి దానంతటదే తిరుగుతుంది.

ఇప్పుడు ఆ రోజు సంగతి. వేసవి సెలవుల్లో మా ఊళ్ళో కొందరు కమిటీగా ఏర్పడి, రెండు జిల్లాల ఆడపిల్లలకి ఫుట్‌బాల్ పోటీలు పెట్టారు. పెద్ద సంబరం. ఎందుకంటే ఒక క్రీడా హాస్టలు నుంచి సెలక్షన్ చేసేవాళ్ళు వస్తున్నారు. ఫైనల్ ఆడే రెండు జట్లనీ చూసి, వాళ్ళలోంచి పిల్లల్ని ఎంచుకుంటామని ముందే చెప్పేశారు. ఎంపికైన పిల్లకి చదువు, తిండి, కోచింగు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. చెప్పులు కూడా లేకుండా ఆడే పిల్లలకి అదెంత మాటో మీరే ఆలోచించుకోండి.

కమిటీ అధ్యక్షుడికి ఒక ఆలోచన వచ్చింది. "ఫారిన్లో ఉన్నాది, మనకెందుకు ఉండకూడదు?" అన్నాడు. పెళ్ళిళ్ళలో పెట్టే పెద్ద టీవీని టెంటు హౌసు నుంచి తెప్పించి గ్రౌండు పక్కన నిలబెట్టించాడు. దానికి నా కెమెరా తగిలించాడు. మైకులో ఒకటే ఊదర: "మన ప్రాంతంలోనే తొలిసారిగా వీడియో రిఫరీ!" నన్ను వేదిక మీదకి పిలిచి అందరికీ చూపించారు కూడా. ఛాతీ పొంగలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? పొంగింది. ఇన్ని పెళ్ళిళ్ళు తీశాను, ఒక్క పెళ్ళిలోనూ నా పేరు మైకులో వినలేదు.

అసలు రిఫరీ, రిటైరైన డ్రిల్లు మాస్టారు. చుట్టుపక్కల ఊళ్ళలో బంతి తన్నడం వచ్చిన ప్రతి పిల్లా ఆయన చేతి కిందో, ఆయన శిష్యుల చేతి కిందో నేర్చుకున్నదే. ఎండకి నల్లగా కాలిపోయిన బక్క మనిషి. ఆ వయసులో కూడా బంతి వెనకే పరిగెత్తేవారు. ఆయన విజిల్ వేస్తే తల్లిదండ్రులు కూడా నోరెత్తేవాళ్ళు కాదు.

ఆ పిల్లని పైడి అంటాను. అసలు పేరు అది కాదు, కానీ మా వైపు వీధికొక పైడి ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. రాజాం పక్క పల్లెలో వరీ నువ్వులూ పండించే రైతు కూతురు. బక్క కాళ్ళు, పెద్ద నోరు. ఆటంతా తోటి పిల్లల మీద అరుస్తూనే ఉండేది. "ఇటియ్యే, బేగియ్యే!" అని. అది సెమీఫైనల్. రెండు జట్లకీ గోలు పడలేదు. రెండో సగంలో పైడి దూరం నుంచి ఒక బంతి తన్నింది. అది అడ్డకర్రకి తగిలి, గీతకి బయట పడింది. గోల్‌కీపరు పిల్ల దాన్ని చేతుల్లోకి తీసేసుకుంది. అందరూ "అయ్యో" అన్నారు. ఆట సాగిపోయింది. అది నా కెమెరాలో ఉంది.

ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా పైడి మళ్ళీ తన్నింది. అవే కర్రలు, అదే గోల్‌కీపరు. బంతి మళ్ళీ అడ్డకర్రకే తగిలిందట. ఈసారి గీత లోపల పడి, తిరిగి బయటికి దొర్లిందట. "అట" అని ఎందుకంటున్నానో చూడండి. సరిగ్గా ఆ క్షణంలో నా వెనక కారు తలుపు చప్పుడైంది. ముఖ్య అతిథి వచ్చాడు. కమిటీవాళ్ళు శాలువా విప్పారు. నా భుజం తిరిగింది. ఎవరూ తిప్పమనలేదు. అదే తిరిగింది.

ఫోన్లు లేవా అంటారేమో. ఉన్నాయి. ఫోన్లున్న పెద్దమనుషులంతా అప్పుడు ఆ శాలువా చుట్టూనే మూగి ఉన్నారు.

విజిల్ వినబడి నేను మైదానం వైపు తిరిగేసరికి మాస్టారు గోలని చెయ్యి చూపిస్తున్నారు. పైడి రెండు చేతులూ చాచుకుని పరిగెడుతోంది. అవతలి జట్టు తరఫువాళ్ళు లోపలికొచ్చేశారు. "వీడియో ఉన్నాది కదా! సూడండి! సూసి సెప్పండి!" అని ఒకటే గోల. మాస్టారు అధ్యక్షుడి వైపు చూశారు. అధ్యక్షుడు నా వైపు చూశాడు. గ్రౌండు గ్రౌండంతా నా టీవీ ముందుకొచ్చి నిలబడింది.

నా దగ్గరున్నది శాలువా.

ఒక్క మాట చాలు అప్పుడు. "నాకు దొరకలేదండీ, మాస్టారు చెప్పిందే ఖాయం చెయ్యండి." ఇంతే. నోరు పెగల్లేదు. ఎందుకు పెగల్లేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు వేసుకున్నానో! ఎవరైనా నాకు లంచం ఇచ్చారా? కనీసం ఒక టీ కూడా పొయ్యలేదు ఎవరూ. అవతలి జట్టులో మా చుట్టాల పిల్లలున్నారా? లేరు. లంచం తిన్నవాడికి కనీసం ఒక కారణమైనా ఉంటుంది. నాకున్నదల్లా పొద్దున్న మైకులో విన్న నా పేరు. మూడు ముళ్ళు మిస్సయ్యాడు అంటారన్న భయం. ఆ భయంలో చెయ్యి తనకి అలవాటైన పనే చేసింది. ఇందాకటి బంతి ఉంది కదా, అదే పిల్ల, అవే కర్రలు. మొదలు కనబడకుండా, బంతి కర్రకి తగిలిన దగ్గర్నుంచి మొదలుపెట్టి, నెమ్మదిగా తిప్పాను. బంతి గీత బయట పడింది. గోల్‌కీపరు చేతుల్లోకి పోయింది. అక్కడ ఆపేశాను.

"సూసినారా! సూసినారా!" అని అరుపులు, ఈలలు. "ఆ గుంట ఎలాగ దబాయించేసినాదో సూడు!" అని ఎవరో అన్నారు. సెలక్షన్‌కి వచ్చినవాళ్ళలో ఒకాయన తల అడ్డంగా ఊపడం నేను చూశాను. మాస్టారు టీవీకి దగ్గరగా వచ్చి, కళ్ళు చిట్లించి, "ఇంకోపాలి" అన్నారు. ఇంకోసారి తిప్పాను. అవును, ఇంకోసారి కూడా తిప్పాను! ఆయన గోల్‌కీపరు పిల్ల దగ్గరకి నడుచుకుంటూ వెళ్ళి, "తప్పు నాదేనమ్మా" అని, గోలు రద్దు చేశారు.

గోల్లేకుండానే ఆట ముగిసి, పెనాల్టీ తన్నుల్లో పైడి జట్టు ఓడిపోయింది. పైడి తన్నింది బయటికి పోయింది. పోదా మరి? అంతమంది ముందు అబద్ధాలకోరు అనిపించుకుని వచ్చి తన్నింది. ఫైనల్లో ఆ జట్టు లేదు కాబట్టి సెలక్షన్‌లో ఆ పిల్లా లేదు.

ఇక్కడ నా కోపంలో రెండో సగం చెప్పనివ్వండి. నన్ను తిట్టండి, పడతాను. కానీ అక్కడ అంతమంది ఉన్నారు. ఒక్కరంటే ఒక్కరు "ఇది ఇందాకటి బంతి కదా" అనలేదేం? రెండు బంతులూ వాళ్ళ కళ్ళ ముందే పడ్డాయి. గోలు దగ్గరే నిలబడ్డవాళ్ళున్నారు. పైడి జట్టు పిల్లలే ఉన్నారు. గోల్‌కీపరుకి తెలియదా తన వెనక ఏం పడిందో? ఆ పిల్లని నేను తప్పుపట్టను, దానికీ హాస్టలు కావాలి. కానీ ఆ రోజు గ్రౌండులో ఉన్న మీరు? పెద్దవాళ్ళు? సొంత కన్ను చూసిందాన్ని మింగేసి, పెళ్ళిళ్ళవాడి టీవీ చెప్పిందే వేదం అని చప్పట్లు కొట్టారే! నేను అబద్ధం చూపించాను. మీరు దాన్ని నమ్మడానికి ఎంత తొందరపడ్డారో నాకు తెలుసు, టీవీ పక్కనే నిలబడి మీ మొహాలు చూశాను. బావ కూడా ఉన్నాడు అక్కడ. అందుకే ఆయన "వీడియో అబద్ధమాడదు" అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. వీడియో ఏమీ ఆడదు బావా. దాన్ని తిప్పేవాడు ఆడతాడు.

సరే, ఇదంతా భయంలో జరిగింది అనుకోండి. కాసేపు నన్ను వదిలెయ్యండి. అసలు పాపం దీని తర్వాతది.

జనం వెళ్ళిపోయాక వైర్లు చుడుతున్నాను. పైడి వచ్చింది. మోకాళ్ళ నిండా దుమ్ము. కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ ఏడవడం లేదు. కోపంగా వస్తే బాగుండేది. చాలా మర్యాదగా వచ్చింది.

"అన్నా, ఒక్కపాలి మల్లీ సూపించవా?"

"బేటరీ అయిపోయిందమ్మా."

ఆ పిల్ల వెళ్ళలేదు. కాలి వేలితో నేల మీద ఒక గీత గీసి, దాని వైపే చూస్తూ, "నాకు దాటినట్టే కనిపించినాది అన్నా. లోపల పడినాది. నాను సూసినాను" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నానే తప్పు సూసినానేటి?" అని నన్నే అడిగింది.

నన్నే అడిగింది! ఈ లోకంలో ఇంకెవరూ దొరకనట్టు. నేనేమన్నానో వినండి. "అలిసిపోయినప్పుడు అలాగే కనిపిస్తాదమ్మా. మనం ఏటి కావాలనుకుంటామో కన్ను అదే సూపిస్తాది. బెంగెట్టుకోకు" అన్నాను. భుజం మీద చెయ్యి కూడా వేశాను. పిల్ల తలూపింది. "అంతే అయ్యుంటాది" అని కాలితో గీసిన గీతని కాలితోనే చెరిపేసి వెళ్ళిపోయింది.

టీవీలో చూపించింది భయం. ఇది భయం కాదు. అప్పుడు చుట్టూ జనం లేరు, మైకు లేదు, ఎవరూ నన్ను తొందరపెట్టడం లేదు. తీరిగ్గా, నెమ్మదిగా, ఒక పిల్ల చేత తన కన్నుని తానే కాదనిపించాను. పైగా ఓదార్చినట్టు మాట్లాడాను. దీనికి నా దగ్గర ఏ సాకూ లేదు.

తర్వాత వారం ఆ మెమరీ కార్డులోనే ఇంకొకరి పెళ్ళి తీశాను. కార్డులు చెరిపి వాడుకోవడం మా పద్ధతి. శాలువా పోయింది, ఇందాకటి బంతీ పోయింది. రుజువు లేదు కదా అని నిశ్చింతగా ఉన్నానా? కుక్కిన పేనులా ఉన్నాను, అంతే. మాస్టారు ఆ నెలలోనే విజిల్ వదిలేశారు. కంటి డాక్టరు దగ్గరకి వెళ్ళి కళ్ళద్దాలు పెట్టించుకున్నారు. "పెద్దతనం వచ్చీసినాది బాబూ, పిల్లలకి అన్యాయం సేసీకూడదు" అని నా స్టూడియో గుమ్మంలోనే నిలబడి నాతోనే అన్నారు. నేను స్టూలు వేసి కూర్చోమన్నాను. టీ తెప్పించాను. నిజం ఒక్కటే చెప్పలేదు. కొన్నేళ్ళకి ఆయన పోయారు. దండ వెయ్యడానికి పెద్ద ఫొటో కట్టమని నా దగ్గరకే వచ్చారు ఇంట్లోవాళ్ళు. కళ్ళద్దాలున్న ఫొటో ఇచ్చారు. కంప్యూటర్లో ఆ అద్దాలు తీసేయడం నాకు చిటికెలో పని. తియ్యడానికి చెయ్యి రాలేదు. అద్దాలతోనే కట్టి ఇచ్చాను.

అలాగే పోయేవాణ్ణేమో నేను కూడా, ఈ రాయి కడుపులో పెట్టుకునే. కానీ మొన్న గజపతినగరంలో ఒక ప్రైవేటు స్కూలు వార్షికోత్సవం తియ్యడానికి వెళ్ళాను. ఆటల పోటీలు కూడా తియ్యమన్నారు. గ్రౌండులోకి వెళ్తే విజిల్ మెడలో వేసుకుని పైడి నిలబడి ఉంది. ఆ స్కూల్లో ఆటల టీచరట. పెద్దదైంది, పెళ్ళయింది, నోరు మాత్రం అదే. నన్ను చూసి "అన్నా, బాగున్నావా!" అని నవ్వింది. నాకు తేలు కుట్టినట్టైంది.

చిన్న పిల్లల ఆట. ఒక గుంట బంతి తన్నింది. రాళ్ళు పెట్టి కట్టిన గోలు. లోపలికి పోయిందా లేదా అని తగువు పడ్డారు. ఆ పిల్ల ఏడుపు గొంతుతో "దాటినాది మేడమ్, నాను సూసినాను" అంటోంది. పైడి ఆ పిల్ల తల నిమిరి, నవ్వుతూ ఏమందో తెలుసా?

"నీ కన్నుని నమ్మకే. మనం ఏటి కావాలనుకుంటామో కన్ను అదే సూపిస్తాది. నానూ నీలాగే ఒకపాలి గోలు గోలని ఏడ్సినాను. ఈ అన్నే వీడియోలో సూపించినాడు, కాదని. కదా అన్నా?"

నా మాట. అక్షరం పొల్లు పోకుండా నేనన్న మాట. ఇన్నేళ్ళు ఆ పిల్ల దాన్ని జాగ్రత్తగా దాచుకుని, బుద్ధి చెబుతున్నాననుకుని పిల్లలకి పంచిపెడుతోంది. ఎంతమంది పిల్లలకి చెప్పిందో! నేను ఒక్క పైడి కన్నుని పొడిచాననుకున్నాను. నేను మొహం కెమెరా వెనక దాచుకుని, వినబడనట్టు, ఏదో తీస్తున్నట్టు నటించాను. రాళ్ళ దగ్గర ఆ పిల్ల నోరు మూసుకుంది. బంతి బయటేనని అందరూ ఒప్పుకున్నారు.

ఇంటికొచ్చాక నన్ను నేను అడిగాను. ఇంకా ఎన్నాళ్ళు? ఎవరి కోసం? నా పేరు కోసమా? ఏమిటంత పేరు నాది, పెళ్ళిళ్ళు తీసేవాడి పేరు! మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మళ్ళీ గజపతినగరం వెళ్ళాను. కెమెరా పట్టుకెళ్ళలేదు. భుజం ఊరికే ఉంటే ఏదోలా ఉంది.

పైడి గ్రౌండులో జెండాల తాళ్ళు విప్పుతోంది. నిలబెట్టి చెప్పేశాను. శాలువా గురించి, ఇందాకటి బంతి గురించి, బేటరీ అయిపోలేదన్న సంగతి. క్షమించమని అడగలేదు. అడగకూడదని దారంతా అనుకుంటూనే వెళ్ళాను. తప్పు చేసినవాడు క్షమాపణ అడిగితే, ఇవ్వాలా వద్దా అన్న బరువు ఎదుటివాళ్ళ నెత్తిన పడుతుంది. నా బరువు ఆ పిల్ల నెత్తిన ఇంకా ఎందుకు పెట్టాలి? నన్ను నాలుగు తిట్టనీ, ఊరంతా చెప్పుకోనీ, అనుకున్నాను.

తిట్టలేదు. చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. ఒక్కటే అడిగింది.

"అయితే గోలేనా అన్నా?"

దీనికి నేను సిద్ధపడి వెళ్ళలేదు. అవునని చెబితే ఎంత బాగుండేది! ఆ పిల్లకీ, నాకూ. కానీ అదీ అతుకే అవుతుంది.

"తెల్దమ్మా. నాను సూడలేదు. నాను శాలువా తీస్తన్నాను. సూసి సెప్పినోళ్ళు ఇద్దరే. నువ్వు, మాస్టారు."

పైడి గోలు ఉండే వైపు చూసింది. అక్కడేమీ లేదు, నిన్నటి రాళ్ళున్నాయంతే. తర్వాత నా మొహం కేసి చూడకుండానే అంది:

"అయితే మాస్టారి కళ్ళు బాగానే ఉండీవి అన్నమాట."

తన హాస్టలు గురించి అనలేదు. తన బతుకు గురించి అనలేదు. తాడు చుట్టుకుంటూ, "ఎల్లన్నా, పిల్లలొచ్చే టైమైంది" అని వెనక్కి తిరిగింది. నేను గేటు దాటుతుంటే గట్టిగా విజిల్ వినబడింది. నిన్నటి ఆ గుంటని పేరు పెట్టి పిలుస్తోంది. ఆ పిల్లతో ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆగి వినే అర్హత నాకు లేదనిపించింది.

సాయంత్రం టీ కొట్టు దగ్గర బావ ఫోను పట్టుకుని, రాత్రి మ్యాచిలో రద్దయిన గోలు చూపిస్తూ ఊగిపోతున్నాడు. "సూడరా, వీడియో అబద్ధమాడతాదేటి?" అన్నాడు. "ఆడతాది బావా. మన గ్రౌండులో ఆడినాది. ఆడించినోణ్ణి నానే" అని, నిలబడి, అందరి ముందూ మొత్తం చెప్పాను. ఒకడు నవ్వాడు, హాస్యమాడుతున్నాననుకుని. బావ నవ్వలేదు. ఫోను జేబులో పెట్టుకుని, నా మొహం కేసి అలాగే చూసి, టీ తాగకుండా లేచిపోయాడు. నేను మాత్రం నా గ్లాసు ఖాళీ చేసే లేచాను.